కరుణ దుబాయ్ చూసిన రోజు

గాలి పైనుంచి పడింది.

చెంబుతో కుమ్మరించినట్టు... నడినెత్తి మీద, మెడ మీద, వీపు మీద.

కరుణ తలెత్తి చూసింది. నిలువు గోడల నడుమ పొడుగాటి గూడు. గూడు పైన నాలుగు దిక్కులా సందులు. సందుల్లోంచి వెలుగు, వెలుగు వెంట గాలి.

"దీన్ని బర్జీల్ అంటరు," అన్నాడు ఆమె మొగుడు రత్నాకర్. "కరెంటు లేని కాలంల ఇదే ఏసీ. ఎటు గాలొచ్చినా పట్టి కిందికి దించుతది."

ఆమె కొంగును రెండు చేతులా పట్టి విప్పింది. కొంగు తెరచాపలా ఉబ్బింది. నవ్వొచ్చింది ఆమెకు. ఎవరైనా చూస్తే చూడనీ!

పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడి ఊరు చూస్తోంది. కోరుట్ల కాదు — ఈ ఊరు. రెండేళ్లకోసారి రెండు నెలలు మాత్రమే అతన్ని వదిలిపెట్టే ఊరు.

విజిట్ వీసా మీద వచ్చింది. అల్ నహ్దా పేటలో కాపురముంటున్న తెలిసినవాళ్లు, నిజామాబాద్ ఉజ్మా వాళ్లు, తమ ఇంట్లో ఒక గది ఇచ్చారు. ఇవాళ అతనికి సెలవు. ఇవాళ తెల్లారకముందే లేచి కూర్చుంది కరుణ.

చూడాలి. అన్నీ చూడాలి.

ఇసుక రంగు గోడలు. గోడల్లో సముద్రపు రాయి — వేలు పెడితే గరుకు, చెంప ఆనిస్తే చల్లన. చెక్కిన తలుపులు. తలుపు మీద ఇత్తడి బుడిపెలు. ఒక సందు, సందులోంచి ఇంకో సందు, మలుపు తిరిగితే ఎండ, మళ్లీ మలుపు తిరిగితే నీడ...

మళ్లీ అదే తలుపు.

రత్నాకర్ ఆగిపోయాడు. తప్పిపోయారు!

ఆమె నవ్వి నవ్వి గడప మీద కూలబడింది. అతను టవర్ క్రేన్ ఆపరేటర్. 'మా ఆయన మబ్బుల్ల కూసోని ఇనుం లేపుతడు' అని వాడకట్టంతా చెప్పుకున్న మనిషి ఆమె. మబ్బుల్లోంచి ఈ ఊరిని అరచేతిలా చూసినవాడికి, కింద నాలుగు సందుల్లో దారి తెలియలేదు.

"మీదికెల్లి జూస్తె గోడలుండయే," అన్నాడు సిగ్గుపడుతూ.

తర్వాత పడవ. ఊరి నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఖోర్, దాని నీళ్ల మీద చెక్క పడవ. డీజిల్ వాసన, ఉప్పు వాసన, తెల్లపిట్టల అరుపు. ఒడ్డున మసీదు గుమ్మటం కదులుతున్నట్టుంది, తను ఆగిపోయినట్టుంది. ఇటు చూడు — అటు చూడు — అగో అది చూడు! ఆమె వేలు ఒక్కచోట నిలవలేదు. అతని కళ్లు ఆమె వేలి వెంటే తిరిగాయి.

మధ్యాహ్నం టాక్సీ వాళ్లను ఒక పార్కు దగ్గర దించింది.

ఆకాశంలో దర్వాజా. తలుపుల్లేని బంగారు దర్వాజా. రెండు నిలువు గోపురాలు, పైన వాటిని కలిపే అడ్డ వంతెన. దుబాయ్ ఫ్రేమ్.

"మీదికి పోదాం పా!"

"వద్దు."

పొద్దుటి నుంచి అతను అన్న మొదటి 'వద్దు' అది.

ఆమె మొహం చూసి, గడ్డి మీద కూర్చున్నాడు. కూర్చుని చెప్పాడు. పోయిన ఎండాకాలం, పైన క్రేన్ క్యాబిన్‌లో, హుక్కుకు ఇనుప చువ్వల కట్ట వేలాడుతుండగా — తల తిరిగింది. కింద మనుషులు. ఎలాగో కట్టను దించాడు. కానీ తను దిగలేకపోయాడు. నిచ్చెన సగంలో కాళ్లు బిగుసుకున్నాయి. ఇద్దరు ఎక్కి వచ్చి పట్టుకుని దించారు.

డాక్టర్ ఏమీ లేదన్నాడు. చెవుల్లో ఏమీ లేదు. గుండెలో ఏమీ లేదు.

భయం ఉంది.

అప్పటి నుంచి కింద యార్డులోనే పని. నిచ్చెన మొదటి మెట్టు మీద చెయ్యి వేస్తే చాలు, చెమట.

"వచ్చే వారం ముదీర్‌కు, గదే మా మేనేజర్‌కు, చెప్పాలె. ఎక్కుతనంటె ఉంచుకుంటడు. లేకుంటె ఖలాస్, ఇంటికే."

కరుణ అతని పక్కనే కూర్చుంది. గడ్డిపోచ తెంపింది. పారేసింది.

"ఇంటికి పోదామంటే పోదాం. నాకేం బాధ లేదు," అంది. "మీదికి పోదామంటే పోదాం. గీ గడ్డిల ఎంతసేపు కూసుంటం?"

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే లేచాడు. లేచాక గానీ తెలియలేదు, లేచానని.

లిఫ్ట్ ఎగిసింది. అతను కళ్లు మూసుకున్నాడు. ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గాజులు ఒత్తుకున్నా ఆమె చెయ్యి లాక్కోలేదు.

పైన —

అబ్బ! ఆకాశం ఇంత ఉంటుందా!

"నువ్వు కండ్లు తెరవకు. నేను చెప్త," అంది. "అగో, నీళ్లు... పాము లెక్క వంకర్లు తిరిగి పోతున్నయ్."

"ఖోర్. పొద్దుగాల పడవెక్కినం గద."

"గీ దిక్కు సూది లెక్క ఒకటి. మొన కండ్లకు ఆనతలేదు."

"బుర్జ్ ఖలీఫా." కళ్లు మూసుకునే నవ్వాడు. "ఇంకా?"

"రోడ్లు... ఒకదాని మీద ఒకటి, జడ అల్లినట్టు. దాని ఎన్క కొత్తది ఏదో కడుతున్నరు. మూడు క్రేన్లున్నయ్. ఒకటి పసుపుది — తిరుగుతాంది!"

"యాడ?"

"గా తెల్ల బిల్డింగ్ పక్కకు."

"ఆడ ఏం కడతలేరు."

"కడుతున్నరు. నేను జూస్తలేనా?"

అతను కళ్లు తెరిచాడు.

నిజమే. అతనెరగని పునాది. అతనెరగని అంతస్తులు. వాటి మీద పసుపు క్రేన్ చెయ్యి, ఆకాశాన్ని నిదానంగా దున్నుతోంది. కొనన వేలాడే బరువు ఊగడం లేదు. పైన ఎవరో... ఎంత మెత్తగా తిప్పుతున్నారు!

అతని కుడిచెయ్యి ఆమె మణికట్టు వదిలింది. వేళ్లు గాల్లో, కనిపించని లివర్ మీద, అర అంగుళం కదిలాయి.

"జూడు, ఇప్పుడు ఆపుతడు," అన్నాడు. "గాలి ఎదురొస్తాంది, గందుకు. జూడు... జూడు..."

ఇంకా బాగా కనిపించాలని ముందుకు నడిచాడు. ఒక అడుగు. రెండో అడుగు.

నడుమన గాజు నేల. గాజు కింద చెట్లు, బాట, చీమలంత మనుషులు. ఏమీ లేనట్టే, అంతా ఉన్నట్టే. రత్నాకర్ దాని మీద నిలబడి ఉన్నాడు.

కరుణ కిందికి చూసింది. అతని చెప్పులను చూసింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

"యాడ ఆపుతడు?" అంది మెల్లగా — చెప్పులు విప్పి, తనూ గాజు మీద కాలు పెడుతూ.