గాయం లేని గూడబాతు

గోడెలీవ్ పదకొండేళ్లుగా ఆంట్‌వెర్ప్‌లో పక్షుల బొమ్మలు గీస్తోంది. చేయి తిరిగిన మనిషే. కానీ గూడబాతును మాత్రం ఎన్నడూ కళ్లారా చూడలేదు. ఆ అవసరమూ రాలేదు. ఏ చర్చికి వెళ్లినా దాని బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది: తన రొమ్ము తానే చీల్చుకుని, ఆ నెత్తురుతో పిల్లల్ని బతికించే తల్లి పక్షి, క్రీస్తు త్యాగానికి గుర్తు. జ్వరంతో కూతురు పోయిన ఏడు గోడెలీవ్ ఆ బొమ్మ ముందే మోకరిల్లి ఏడ్చింది.

మతగురువు లాంబ్రెఖ్ట్ తన జంతువుల, పక్షుల పుస్తకానికి ఆ బొమ్మే కావాలన్నాడు.

"గూడు, మూడు పిల్లలు, నెత్తురు. ఏదీ మర్చిపోకు."

"మెఖెలెన్‌లో బతికున్న గూడబాతు ఉందట అయ్యగారూ. చూసొచ్చి గీస్తాను."

"అందులో చూడ్డానికేముంది? సరే, ఈకల రంగైనా సరిగ్గా కుదురుతుంది. వెళ్లిరా."

ఆ పక్షి ఓ ప్రభువుగారి తోటలో, మడుగు ఒడ్డున ఉండేది. దాన్ని మేపే ముసలామె పేరు యోసీన. గోడెలీవ్ కాగితాలు పరుచుకుంటూ, "పిల్లలెక్కడమ్మా?" అని అడిగింది.

యోసీన పకపకా నవ్వింది. "పిల్లలా! దీనికి జోడే లేదు. నలభై ఏళ్లుగా మేపుతున్నా, ఒక్క గుడ్డు పెట్టింది లేదు. అసలు ఆడదో మగదో దానికే తెలియాలి."

"మరి నెత్తురు?"

"చేపలు తేవడం ఆలస్యమైతే నా చేతి నుంచి వస్తుంది."

గోడెలీవ్ ఆరు రోజులు అక్కడే ఉంది. పక్షి చేపల్ని గొంతు సంచిలో నింపుకునేది. నీళ్లు కారిపోవడానికి ముక్కును రొమ్ముకేసి గట్టిగా అదిమేది. ముక్కు కొనన చిన్న కొక్కెం, ఎర్రగా. దూరం నుంచి చూస్తే నెత్తుటి చుక్కే అనుకుంటారు. నాలుగో రోజు యోసీన పక్షిని ఒడిసి పట్టుకుంటే, గోడెలీవ్ రొమ్ము ఈకలు పాయలు పాయలుగా విడదీసి వెతికింది. చిన్న గీత కూడా లేదు. లోపల వెచ్చగా, చేపల కంపు కొడుతోంది. ఆమెకు ఎందుకో నవ్వొచ్చింది, కాసేపటికి కళ్లూ చెమర్చాయి.

ఆమె తెచ్చిన బొమ్మలో గూడూ లేదు, పిల్లలూ లేవు. ఓ ముసలి పక్షి, వేలాడే సంచి, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన చేప తోక.

లాంబ్రెఖ్ట్ మొహం ఎర్రబడింది. "ఇదేమిటి? చేపలమ్మే మనిషిలా ఉంది!"

"ఉన్నది ఉన్నట్టు గీశాను అయ్యగారూ."

"నీ బిడ్డ పోయినప్పుడు దీని ముందేగా ఏడ్చావు? అదంతా అబద్ధమంటావా?"

"ఆ ఏడుపు నిజమే. కానీ ఈ పక్షికి గాయం లేదు. ఈకలు విడదీసి మరీ చూశాను. లేని గాయం నేను పెట్టలేను."

ఆయన వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు. బొమ్మ మాత్రం తిరిగివ్వలేదు.

నెల తిరక్కుండానే ఆయన ఇంకో చిత్రకారుడి చేత నెత్తురోడే గూడబాతును గీయించి, ఆమె బొమ్మకు ఎదుటి పేజీలో అంటించాడు. ఆ సంగతి తెలిసి గోడెలీవ్ రెండు రోజులు కుంచె ముట్టలేదు.

తర్వాత ఓసారి సంతలో లాంబ్రెఖ్ట్ ఇంటి వంటామె ఎదురుపడింది. "మా అయ్యగారు ఇంటికెవరొచ్చినా ఆ పుస్తకం తీస్తున్నారమ్మా," అంది. "ముందు నెత్తురు బొమ్మ చూపించి ప్రార్థన చెబుతారు. ఆ తర్వాత నీ బొమ్మ చూపించి, గడ్డం కింద చేయి పెట్టుకుని, సంచి ఇలా ఊగుతుందంటూ ఆడించి చూపిస్తారు. వాళ్లు నవ్వితే ఆయనా నవ్వుతారు."

ఆ వారంలోనే లాంబ్రెఖ్ట్ ఎలుగుబంటి బొమ్మ కావాలని కబురు పెట్టాడు. ముద్దలా పుట్టిన తన పిల్లల్ని ఎలుగు నాకి నాకి ఆకారం తెస్తుందని అందరూ నమ్మే మాట. ఎలుగు ఎక్కడ దొరుకుతుందో చెబితే వెళ్లి చూసి గీస్తానని గోడెలీవ్ తిరుగు కబురు పంపింది.