అన్‌డిఫైన్డ్‌కు ప్రథమ స్థానం

మైకులో "ప్రథమ స్థానం... అన్‌డిఫైన్డ్!" అని వినిపించగానే కుర్చీలోంచి ఎగిరి లేచాను. ఈత పోటీల ఫలితాలను పెద్ద తెర మీదికి పంపే ప్రోగ్రామ్ రాసింది నేనే. అందరికంటే ముందు గోడ తాకింది మా ఆడపడుచు. ఆమె పేరు రావలసిన చోటా, టైము రావలసిన చోటా ఆ దిక్కుమాలిన మాటే మెరుస్తోంది. జనమంతా పకపకా నవ్వారు. ఆ అనౌన్సరుకైనా బుద్ధుండక్కర్లేదా? తెర మీద ఏది పడితే అది చదివేయడమేనా!

"ఏం చేశావు వదినా నన్ను?" మా ఆడపడుచు నీళ్లలోంచే నా గది కిటికీ వైపు అరిచింది.

రిఫరీ గబగబా మెట్లెక్కి వచ్చాడు. "అమ్మా, యంత్రం టైము లేకపోతే జట్టు ఎంపికకు చెల్లదు. తర్వాతి రేసు మొదలయ్యేలోపు చూపించండి. లేదంటే ఆవిడ మళ్లీ ఈదాలి."

మళ్లీనా! నొప్పి పెడుతున్న ఆ భుజంతో డాక్టరు ఒప్పుకున్నదే ఒక్క రేసుకు. పోయినసారి జాతీయ జట్టులో చోటు వెంట్రుకవాసిలో తప్పిపోతే, అది ఇంట్లో ఎన్నాళ్లు ముఖం మాడ్చుకు తిరిగిందో నాకే తెలుసు.

రిఫరీ వెనకాలే ఇంకొకాయన దూరాడు. రెండో స్థానంలో వచ్చిన పిల్లకు కోచ్, గుబురు మీసాలాయన. "ఈవిడ స్వయానా వదిన కదండీ! ఇక్కడ కూర్చుని తనకు నచ్చిన టైము కొట్టేస్తే మా గతేంటి?"

నాకు ఒళ్లు మండిపోయింది. "దానికి నేను దొంగ టైము పెడతానా? ఇంట్లో టీవీ రిమోటే ఇవ్వను!"

కానీ ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. అందుకే ఇంకా మండింది. గోడకున్న టచ్ ప్యాడ్‌లు, అంటే చెయ్యి తగలగానే టైము పట్టే పలకలు, వాటి నుంచి వచ్చిన లెక్కను ఉన్నదున్నట్టు ఆ పెద్ద తెర మీదే పెట్టేశాను. మొదటి ముగ్గురిదీ ఇలా ఉంది:

[ [[4, 58.96]], [2, 59.40], [7, 60.12] ]

"బయటిదొక పెద్ద పెట్టె. లోపల ఒక్కొక్కరికి ఒక చిన్న పెట్టె," అని విప్పి చెప్పాను. "అందులో మొదటిది లేన్ నంబరు, రెండోది టైము. లేన్ నంబరును బట్టే పేరు వస్తుంది."

మీసాలాయన కళ్లు చికిలించాడు. "మరి నాలుగో లేన్‌కి బ్రాకెట్లు రెండేసి ఉన్నాయేంటి?"

ఠప్పున నుదురు కొట్టుకున్నాను. అది మా ఆడపడుచు లేన్. ఫైనల్‌కు ముందు అక్కడ టచ్ ప్యాడ్ పాడైతే కొత్తది బిగించారు. ఆ కొత్త ప్యాడ్ మహాతల్లి తన జవాబును పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ఇంకో పెట్టెలో దూర్చి పంపుతోంది! నా ప్రోగ్రామ్ పై మూత తీసి మొదటి విలువ అడిగితే, లోపలి పెట్టె మొత్తం చేతికొచ్చింది. దాన్ని పట్టుకుని పేరు వెతికితే ఎక్కడ దొరుకుతుంది? రెండో విలువైతే అసలు లేనే లేదు. లేనిది అడిగితే, నేను ప్రోగ్రామ్ రాసిన జావాస్క్రిప్ట్ భాష చెప్పే జవాబు అన్‌డిఫైన్డ్.

"మీకు వెయ్యి దండాలు మాస్టారూ!"

విలువలు తీసే చోట, ప్రతి చిన్న పెట్టెకూ ఒక్క మాట చేర్చాను: .flat(). పెట్టెలో పెట్టె ఉంటే ఒక పొర విప్పుతుంది, లేకపోతే ఉన్నది ఉన్నట్టే ఇస్తుంది. కింద తర్వాతి రేసు వాళ్లు అప్పుడే టోపీలు సర్దుకుంటున్నారు.

"అంకెలు ముట్టుకోలేదు, చూసుకోండి," అన్నాను.

మీసాలాయన తెరనూ నా కోడ్‌నూ మార్చి మార్చి చూశాడు. గట్టిగా ఊపిరి వదిలాడు. "జరగండమ్మా, నేనే నొక్కుతాను," అని తన వేలితోనే ఎంటర్ కొట్టాడు.

తెర మీద మా పిల్ల పేరు, ఇంటిపేరుతో సహా! పక్కనే 58.96. రిఫరీ చెయ్యెత్తాడు. అనౌన్సరు ఈసారి గొంతు సవరించుకుని మరీ చదివాడు. ఇందాక నవ్వినవాళ్లే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొట్టరా మరి!

మా ఆడపడుచు ఒళ్లంతా నీళ్లు కారుతుండగానే పైకి పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది.

"కీబోర్డు తడుస్తోందే, జరుగు!"

"జట్టులో ఉన్నాను వదినా... ఉన్నాను!" అని ఏడుస్తోంది.

తడిస్తే తడిసిందిలే అని, నేనూ దాన్ని గట్టిగా పట్టుకున్నాను.