లామినేషన్ చేయించిన ఎడారి

మా వారు నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే సీట్లో పనిచేస్తారు. పొద్దున వెళ్లింది మొదలు ఎక్కడ గొట్టం పగిలింది, ఎవరింట్లో కుళాయి రావడం లేదు, ఎవరింట్లో ఆగడం లేదు అన్న మాటలే వినాలి. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, తుడుచుకుని, నమ్మకం చాలక మళ్లీ తుడుచుకుని, చుక్క నీరు దొరకని దేశాన్ని ముందేసుకుని కూర్చుంటారు.

అవి పాత పోస్టుకార్డులు. ఒకప్పుడు ఆ ఎడారి దేశం చూడ్డానికి వెళ్లినవాళ్లు తమ ఇళ్లకు రాసి పంపినవి. ఇసుక తిన్నెలు, ఒంటెల బారు, మట్టిగోడల ఊళ్లు, బావి గట్టున నిలబడి కెమెరా వంక అనుమానంగా చూసే ముసలివాళ్లు. కొన్నింట్లో నలుపు తెలుపు ఫొటో మీద కుంచెతో రంగులద్దారు. అద్దినవాళ్లు జన్మలో ఎడారి చూసి ఉండరని ఆయన నమ్మకం. ఒక కార్డులో ఇసుకంతా గులాబీ రంగు, ఒంటె నీడ ఆకుపచ్చ. వెనకవైపు రాతలను ఆయన నిఘంటువు పెట్టుకుని కూడబలుక్కుని నాకు చదివి వినిపిస్తారు. "ఇక్కడ నిద్రలో కూడా దాహం వేస్తుంది" అని ఒకరు. "పిల్లికి పాలు పోస్తున్నారా లేదా, ఆ సంగతి రాయండి" అని ఇంకొకరు. అంత దూరం వెళ్లి పిల్లి గురించి బెంగ పెట్టుకున్న ఆవిడంటే నాకు ఇష్టం.

కార్డు విలువంతా దాని కాగితంలోనే ఉందంటారు ఆయన. అద్దిన రంగు వేలి కొసకు సన్నగా గరుకుగా తగలాలి. వెనక రాసిన సిరా ఇవతలికి ఊరిన చోట కాగితం కొద్దిగా ఉబ్బి ఉండాలి. కొనేముందు వాసన కూడా చూస్తారు.

రెండు ఆల్బములు. మొదటిదాంట్లో మామూలు కార్డులు, రెండోదాంట్లో రంగులద్దినవి. చుట్టాలెవరికి చూపించినా రెండు పేజీలు తిప్పి, "ఇవన్నీ ఫోన్లో వస్తాయి కదండీ" అని టీ కప్పు అందుకునేవాళ్లే. అందుకే మా వదిన, అంటే ఆయన అక్క, "ఒరేయ్ తమ్ముడూ, ఆ మొదటి పుస్తకం నాకివ్వు, ఇంటికి పట్టుకెళ్లి తీరిగ్గా చూస్తాను" అన్నప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. ఆల్బమును మెత్తటి గుడ్డలో చుట్టి, ఏ పేజీలో ఏముందో గుమ్మం దాకా చెబుతూనే వెళ్లారు.

తల్లి పోయాక ఆయన్ను పెంచింది ఆవిడే. బడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఏడాది క్రితం మా అన్నయ్యగారు, ఆవిడ భర్త, పోయినప్పటి నుంచి ఎవరింటికీ వెళ్లడం లేదు, దేనిమీదా మనసు పెట్టడం లేదు. అలాంటి మనిషి తనంతట తానుగా అడిగింది. నేనూ సంతోషించాను.

వారం తిరక్కుండా ఆవిడ సంచి పట్టుకుని వచ్చారు. ముఖం కళకళలాడుతోంది.

"కళ్లు మూసుకోరా."

"ఏంటక్కా?"

"మూసుకోమంటే మూసుకో. యాభై దాటినా ప్రశ్నలు మాత్రం తగ్గలేదు నీకు."

ఆయన కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు కాబట్టి ముందు చూసింది నేనే. ఆవిడ సంచిలోంచి తీసి బల్ల మీద పరుస్తున్న కార్డులన్నీ తళతళ మెరుస్తున్నాయి. ఒక్కోదాని చుట్టూ వేలెడు వెడల్పున ప్లాస్టిక్ అంచు. మూలలు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి.

"ఇప్పుడు చూడు."

ఆయన చూశారు. ఒక కార్డు చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలు దాని మీద జారిపోయింది.

"లామినేషన్!" అన్నారు వదిన. "దగ్గరుండి చేయించాను. ఎవరు ముట్టుకుంటారో, ఎక్కడ చెమ్మ తగులుతుందో అని ఎన్నాళ్లురా నీకీ కాపలా? ఇప్పుడు కుళాయి కింద పెట్టి కడుక్కోవచ్చు. ఎలా ఉన్నాయి?"

ఆయన కార్డును వెనక్కి తిప్పారు. అక్క ముఖం చూశారు, కార్డు చూశారు, మళ్లీ అక్క ముఖం చూశారు.

"బాగున్నాయక్కా" అన్నారు.

ఆ మాటే మా కొంప ముంచింది.

వదినకు లామినేషన్ అంటే పిచ్చి అని ఇంటిల్లిపాదికీ తెలుసు. మందుల చీటీ, బడి పిల్లల గ్రూపు ఫొటో, మా పెళ్లి శుభలేఖ, ఏదీ వదల్లేదు. ఆల్బము ఇచ్చిన రోజు మాత్రం, ఆ సంతోషంలో, మా ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు. "అక్క ఇంట్లో కదలకుండా కూర్చోకు, నిన్నూ చేయించేస్తుంది" అని ఆయనే నన్ను ఆటపట్టించేవారు. దాని వెనక సంగతి కూడా ఆయనే చెప్పారు. తన చిన్నప్పుడు ఒక వానాకాలం ఇంటి కప్పు కారి, పెట్టెలో ఉన్న ఆవిడ చదువు కాగితాలన్నీ ముద్దయిపోయాయట. వాటి నకళ్లకోసం తిరిగి తిరిగి అలసిపోయేసరికి, రావలసిన పెద్ద ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది. ఆవిడ గుమాస్తాగా చేరి తమ్ముణ్ణి చదివించారు. కాగితం మీద ప్లాస్టిక్ తొడిగించడం అంటే ఆవిడ దృష్టిలో ఒక మనిషి బతుకును కాపాడటమే.

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్లాక, మా వీధి చివర జిరాక్సు షాపుకు ఒక కార్డు పట్టుకెళ్లాను. షాపతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఊడదీయొచ్చా బాబూ?"

"ఊడొచ్చేదైతే లామినేషన్ ఎందుకవుతుందమ్మా? వేడి మీద జిగురు కాగితంలోకి దిగిపోతుంది."

అయినా నమ్మబుద్ధి కాలేదు. స్టీలు డబ్బాల మీద లేబుళ్లు, గోడకు పిల్లలు అంటించిన బొమ్మలు, బట్ట మీద కారిన మైనం, అంటుకున్న దేన్నయినా మచ్చ లేకుండా తీస్తానని నాకు ఇంట్లో పేరుంది. ఆదివారం పొద్దున, మరీ విలువలేని హోటలు బొమ్మ కార్డు ఒకటి ఆయనే ఎంచి ఇచ్చారు. అంచు కత్తిరించి, బ్లేడు మొన దూర్చి, సన్నటి ఆవిరి పట్టి, ఊపిరి బిగబట్టి లాగాను. ప్లాస్టిక్ వచ్చింది. దానితోపాటు ఆకాశం కూడా వచ్చేసింది. హోటలు సగం నా ఎడమచేతిలో, సగం కుడిచేతిలో.

"వదిలెయ్" అన్నారు ఆయన.

"ఆవిడకు చెప్పండి. మంచికే చేసిందని మనకు తెలుసు. నెమ్మదిగా చెబితే అర్థం చేసుకోదా?"

"అర్థం చేసుకుంటుంది. అదే నా భయం. ఏడాది తర్వాత మొదటిసారి నవ్విందే. నువ్వు కూడా చెప్పకు. నా మీద ఒట్టు."

ఒట్టు అన్నాక నేను మాత్రం ఏం చేయగలను? కనీసం రెండో ఆల్బము మిగిలిందనుకున్నాం. నెలాఖరుకు పొరుగూరి నుంచి ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు గారు దాన్ని చూడ్డానికి వస్తున్నారు. ఆయనా ఇలాంటి కార్డులే సేకరిస్తారు. ఈ కార్డులకోసం పనిగట్టుకుని మా ఇంటికి వస్తున్న మొదటి మనిషి.

హోటలు ముక్కలు చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కుంటుండగా వదిన వచ్చారు.

"రెండో పుస్తకం ఇవ్వరా. అది కూడా చేయించేద్దాం."

ఆయన నీళ్లు నమిలారు. "ఇప్పుడెందుకక్కా, ఎండన పడి..."

"ఎండ నాకు కొత్తా?"

"ఖర్చు కదా..."

"నిన్ను అడిగానా?"

నేను అందుకున్నాను. "అది కాదు వదినా, నెలాఖరుకు ఒకాయన ఆ ఆల్బము చూడ్డానికి వస్తున్నారు. ఆయన వచ్చి వెళ్లాక..."

"పెద్దమనిషి వస్తుంటే పాత కాగితాలు చూపిస్తావా అమ్మాయ్? ఆయన వచ్చేసరికి ఇవి అద్దంలా ఉండొద్దూ?" అని నవ్వారు. నోరు మూసుకుని ఉన్నా బాగుండేది. ఎలాగోలా వాయిదా పడేదాన్ని నేనే తొందరపెట్టాను.

ఆయన ఇంకా కుర్చీలోంచి లేవలేదు. వదిన నవ్వు మెల్లగా ఆగింది. బల్ల మీది మెరిసే కార్డుల వంక చూశారు.

"ఏరా, నిజం చెప్పు. నీకు నచ్చలేదా? ఏమైనా పాడుచేశానా?"

ఇప్పుడైనా చెబుతారని నేను ఆయన వంకే చూస్తున్నాను. ఆవిడ చెయ్యి కుర్చీ అంచును పట్టుకుని ఉంది. అన్నయ్యగారు పోయిన రోజు ఆసుపత్రి వరండాలో కూడా ఆవిడ అలాగే పట్టుకుని కూర్చున్నారు.

"ఛ, పాడేంటక్కా" అని లేచారు ఆయన. "పద, నేనూ వస్తాను. వరుస తప్పిపోకుండా."

"అదీ మాట. మీ వీధి చివర కూడా షాపు ఉందిగా, అక్కడే చేయిద్దాం."

ముగ్గురం వెళ్లాం. షాపతను ఆల్బము తెరిచి రంగుల కార్డులు చూశాడు. నన్ను గుర్తుపట్టాడు.

"అమ్మా, మీరు మొన్న..."

నేను తల అడ్డంగా ఊపాను. అతను ఆగిపోయాడు. కాసేపు కార్డుల వంక, కాసేపు మా వారి వంక చూసి, "ఒకసారి పెట్టాక మళ్లీ తియ్యడం కుదరదు సార్. చేసెయ్యమంటారా?" అన్నాడు.

"తియ్యడం దేనికయ్యా?" అన్నారు వదిన.

అతను మా వారినే చూస్తున్నాడు. "సార్?"

"చెయ్యండి" అన్నారు ఆయన.

మెషిను వేడెక్కడానికి కొంత సమయం పట్టింది. ఎర్ర దీపం పచ్చగా మారింది. ఆయన ఆల్బములోంచి మొదటి కార్డు తీశారు. గులాబీ ఇసుక, ఆకుపచ్చ నీడ. దాని మీద వేలి కొసతో ఒక్కసారి, రంగు అద్దిన చోట, నెమ్మదిగా నిమిరారు. తర్వాత షాపతనికి ఇచ్చారు. కార్డు ఇటు నుంచి లోపలికి వెళ్లి అటు నుంచి మెరుస్తూ వచ్చింది.

వదిన దాన్ని ఆత్రంగా అందుకున్నారు. ఇంకా వేడిగా ఉన్నట్టుంది, చేతులు మార్చుకుంటూ ఊదారు. రెండువైపులా తిప్పి చూసి, "చూడరా, ఎంత ముద్దుగా ఉందో! ఈ ఒంటె నిన్నటిదాకా ఎక్కడుందే?" అని నా భుజం తట్టారు. "ఇక దీనికి ఏమీ కాదు."

"అవునక్కా" అన్నారు మా వారు. రెండో కార్డు తీసి, నలగకుండా రెండు అంచులూ పట్టుకుని, షాపతని చేతికి అందించారు.