మట్టి కాల్చే గది

ఆ రోజు దవాఖానకు బయల్దేరే ముందే కంసాలి బ్రహ్మచారి చావుకు సిద్ధపడిపోయాడు. ఎవరితోనూ అనలేదు. పొద్దున్నే తలంటుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. పనిముట్ల పెట్టె ఒకసారి తెరిచి చూసుకుని మూశాడు. ఏడాదిగా దగ్గు. లేస్తే దగ్గు, బీడీ ముట్టిస్తే దగ్గు, ముట్టించకపోతే ఇంకా దగ్గు. మీసాలు రాకముందు నుంచీ బీడీ తాగుతున్నవాడికి చివరికి ఏమవుతుందో ఇంకొకరు చెప్పక్కర్లేదు. తోటి కంసాలి ఒకడు ఇట్లాగే దగ్గి దగ్గి పోయినేడు పోయాడు.

చిలకలగూడలో వాళ్లది ముందు గది దుకాణం, వెనకంతా ఇల్లు. మోండా మార్కెట్ వైపు నగల షాపుల వాళ్లు తెగిన గొలుసులు, వంగిన గాజులు పంపిస్తే అతికించి, సాపుచేసి, మెరుగు పెట్టి ఇచ్చే పని. బ్రహ్మచారి కుంపటి ముందు పీట మీద కూర్చుంటాడు. భార్య అనసూయమ్మ పక్కన కూర్చుని అందిస్తుంది. పెళ్లయిన నాటి నుంచీ అంతే.

కూతురు హిమజ మౌలాలి రైల్వే కాలనీలో కాపురం ఉంటోంది. ముందురోజే వచ్చి కూర్చుంది.

"నాయినా, ఇయ్యాల నువ్వు రాకుంటే నీ బీడీ కట్ట మొత్తం నేనే తాగుత, చూడు" అంది.

"తాగు. మీ అత్తకు చెప్త."

"చెప్పుకో. జెర లే ముందు."

అనసూయమ్మ కూడా వెంట వచ్చింది. పెనిమిటికి ఏం చెబుతారో తాను వినకపోతే ఎట్లా అని.

పరీక్ష చేసే గది పై అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. బ్రహ్మచారి రెయిలింగు పట్టుకుని, దగ్గుకుంటూనే ఎక్కేశాడు. వెనక్కి చూస్తే అనసూయమ్మ ఇంకా మెట్ల మలుపులోనే ఉంది. అక్కడ తడిగుడ్డ పెడుతున్న మనిషిని ఏ ఊరు, ఎందరు పిల్లలు అని అడుగుతూ, కొంగు సవరించుకుంటూ నిలబడింది.

"చూసినవా మీ అమ్మను? మెట్టు మెట్టుకు ముచ్చట. రేపు నన్ను కాటికి మోస్కపోతుంటె సుత గిట్లనే నడిమిట్ల ఆగి ముచ్చట పెడ్తది."

"నాయినా, నోరు మూస్కో" అంది హిమజ.

పరీక్ష చేసే ఆషర్ నడివయసు మనిషి. బ్రహ్మచారి ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం చేతికిచ్చాడు.

"పెద్దాయనా, గుండె నిండా గాలి పీల్చి ఒక్కసారే ఫట్‌మని ఊదాలె. మధ్యల ఆపొద్దు."

"ఊదుడు నాకు నేర్పుతవా బిడ్డా? నేను పుట్టిందే ఊదనీకి."

అని, బుగ్గలు పూరించి, పెదవులు బిగించి, సన్నగా, ఒక్క తీరుగా ఊదాడు. దీపం మంటను గొట్టంతో అతుకు మీదికి మళ్లించేటప్పుడు కంసాలి ఊదే ఊదుడు అది. మిషను మీద గీత పైకి లేవనే లేదు.

"ఏంది, మంట మీద ఊదుతున్నరా?"

"మరి? నువ్వన్నట్టు ఫట్‌మని ఊదితె నగ పోయి మోరిల పడ్తది."

హిమజ నవ్వింది. గుమ్మం దగ్గరికి చేరిన అనసూయమ్మ కూడా నవ్వింది. ఆషర్ ఓపికగా మళ్లీ చెప్పాడు, మళ్లీ ఊదించాడు. కంసాలి ఊదుడు మరిచిపోయి మామూలు మనిషిలా ఊదడానికి బ్రహ్మచారికి చాలాసేపు పట్టింది.

డాక్టరమ్మ పేరు దేవకృప. కాగితం చూసి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. బ్రహ్మచారి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఊపిరితిత్తులు కొంత దెబ్బతిన్నాయండీ. కాదనను. కానీ నేననుకున్నంత లేదు. ఇవాళ్టి నుంచి బీడీ ముట్టకపోతే ఇంకా చాలాకాలం పనిచేసుకోవచ్చు."

బ్రహ్మచారికి చచ్చి బతికినట్టయింది. పనిముట్ల పెట్టె గుర్తొచ్చి తనలో తానే సిగ్గుపడ్డాడు.

డాక్టరమ్మ మాత్రం అతన్ని చూడటం లేదు. అతని వెనక్కి చూస్తోంది.

అనసూయమ్మ కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకుని నిలబడింది. భుజాలు పైకెత్తి, వేడి చాయ్ ఊదుకుంటున్నట్టు పెదవులు ముడిచి గాలి వదులుతోంది. మెట్లెక్కి వచ్చి చాలాసేపైంది. ఇంకా అట్లాగే ఉంది.

"అమ్మా, కూర్చోండి. ఎప్పటి నుంచి ఇట్లా ఉంది?"

"ఏం లేదమ్మా. మెట్లెక్కిన గద. జెర ఒళ్లొచ్చింది, గంతే."

"ఒళ్లెక్కడిదే నీకు?" అంది హిమజ.

అప్పుడు చూశాడు బ్రహ్మచారి. కుర్చీ పట్టుకున్న చేతుల మీద గాజులు మణికట్టు దాటి వేళ్ల మొదళ్ల దాకా జారి ఉన్నాయి. ఆ గాజులు తను చేసినవే. సబ్బు నురగ పెడితే గాని మణికట్టు దాటేవి కావు. ఎంతమంది నగలకో కొలత చూసే కంటికి ఇంట్లో ఉన్న చెయ్యి కనపడలేదు.

"ఆవిడ చేత కూడా ఊదించండి" అంది డాక్టరమ్మ.

అనసూయమ్మ ఊదింది. ఊదాననుకుంది. గాలి గొట్టందాకా వచ్చి ఆగిపోయింది. "ఇంకా, ఇంకా" అంటున్న ఆషర్ గొంతు రానురాను తగ్గిపోయింది. మళ్లీ ఊదించాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కాగితం చూసి డాక్టరమ్మ అడిగింది. "అమ్మా, మీరు బీడీ గానీ చుట్ట గానీ తాగుతారా?"

బ్రహ్మచారి కుర్చీలోంచి లేచాడు. "ఏం మాటమ్మా అది! మా ఇంట్ల ఆడోళ్లు చుట్టలు తాగుతరా? మేం గసొంటోళ్లం గాదు."

"కోప్పడకండి. కట్టెల పొయ్యి ఉందా?"

"గ్యాసొచ్చి ఎన్నేండ్లాయెనో."

"మరి పొగ ఎక్కడిది? ఇది పొగ పీల్చీ పీల్చీ వచ్చే జబ్బే. మీకంటే ఈవిడకే చాలా ముదిరింది. సగం ఊపిరి కూడా లేదు. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవాలి. ఇక మీదట పొగ అన్నది ఆమె దగ్గరికి రాకూడదు."

బ్రహ్మచారికి మాట అర్థమైంది గానీ లోపలికి దిగలేదు.

"కాగితాలు మారినయేమో, జెర చూడున్రి" అన్నాడు. "నాది ఆమెకొచ్చిందేమో. దగ్గేది నేనమ్మా."

డాక్టరమ్మ కాగితం అతని వైపు తిప్పింది. పైన అనసూయమ్మ పేరుంది.

"మట్టి కాలుస్త గద, దానికేనేమో" అంది అనసూయమ్మ, ఏదో తప్పు చేసినదానిలా.

మట్టి అంటే మట్టి కాదు. కంసాలి దుకాణం ఊడ్చిన చెత్త. నగను ఆకురాయితో రాకినప్పుడు రాలిన బంగారు పొడి, చేతులు తుడిచిన గుడ్డ పీలికలు, లక్క పెచ్చులు, మైనం, అరిగిన బ్రష్షు కుచ్చులు, బీడీ ముక్కలు, అన్నీ కలిసి ఉంటాయి. దాన్ని ఇనుప మూకుడులో వేసి బూడిదయ్యేదాకా కాల్చి కడిగితే అడుగున బంగారం మిగులుతుంది. ఏ ఇంటి మట్టి ఆ ఇంటి లక్ష్మి. దాన్ని ఊడ్చేదీ కాల్చేదీ కడిగేదీ ఇల్లాలే. వారం వారం ఉండే పని అది.

హిమజ ఇదంతా చెబితే డాక్టరమ్మ విన్నది. "కిటికీ తెరిచి కాలుస్తారా?" అని అడిగింది.

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాత్రి బీరువా తెరిచి పడుకుంటారా అని అడిగినట్టుంది వాళ్లకు.

"తెరుస్తె ఎట్లమ్మా?" అన్నారిద్దరూ ఒక్కసారే. "గాలికి బంగారం ఎగిరిపోదా?"

 హిమజ "అమ్మా..." అని ఆగిపోయింది. మట్టి కాల్చే రోజు తనను ఎప్పుడూ పక్కింట్లో ఆడుకోమని పంపేసేది తల్లి.

తిరుగు ఆటోలో స్టేషను ముందర ట్రాఫిక్ ఆగింది. బస్సుల పొగ ఆటోలోకి వచ్చి నిలిచింది. బ్రహ్మచారి చేత్తో విసిరాడు. ఎటు విసిరినా అటు నుంచీ పొగే వస్తోంది.

"నీకేం లేదన్నది గద" అంది అనసూయమ్మ సంతోషంగా. "పొద్దుగాల నుంచి మొక్కుతనే ఉన్న."

అతను ఇంకా పొగనే విసురుతున్నాడు.

ఇంటి ముందు దింపి, హిమజ అదే ఆటోలో మందుల షాపుకు పోయింది. అనసూయమ్మ ఇంట్లోకి రాగానే కొంగు నడుముకు దోపి దుకాణం వెనకే ఉన్న మట్టి కాల్చే గది వైపు నడిచింది.

"ఎక్కడికే?"

"పొద్దుగాలనే మూకుట్ల నింపి పెట్టిన. ఈ వారందొక్కటి కాల్చేస్త. ఇంక ఆ తర్వాత చూద్దాం."

"కూసో నువ్వు. నేను కాలుస్త."

"నువ్వా?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నీకు ఎర్కనా?"

"నిప్పు ముట్టిచ్చుడు కంసాలోనికి ఎర్క లేదా?"

గదిలోకి పోయి తలుపు మూసుకున్నాడు. మూయాలని అనుకోలేదు. చెయ్యే మూసేసింది. కిటికీకి ఎన్నడో మేకులు కొట్టేసి ఉన్నాయి. రెక్కల సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. ఇన్నేళ్లలో మట్టి కాల్చే వేళ ఈ గదిలో అడుగుపెట్టడం అతనికి ఇదే మొదలు.

నిప్పు పెట్టి చువ్వతో కలపసాగాడు. ముందు గుడ్డలు రాజుకున్నాయి. తర్వాత లక్క కరిగి చిటపటమంది. పచ్చటి పొగ, దాని వెనక నల్లటి పొగ. కళ్లు మూతలు పడ్డాయి. ఊపిరి బిగబట్టాడు. కంసాలి ఊపిరి గదా, చాలాసేపే నిలిచింది. కానీ మంట ఇంకా ఎగియలేదు. ఇక తప్పక ఒక్క ఊపిరి తీసుకున్నాడు. గొంతులో ఎవరో పిడికిలి దూర్చినట్టయింది. దగ్గు వచ్చింది, దగ్గుతో పాటు ఇంకింత పొగ లోపలికి పోయింది. చువ్వ జారిపోయింది. తలుపు ఎటుందో తెలియలేదు. మోకాళ్ల మీద పడ్డాడు.

నేలబారుగా తెల్లటి గీత ఒకటి కనిపించింది. తలుపు కింది సందు. కిటికీకి గుడ్డలు కుక్కారు గానీ ఈ సందు వదిలేశారు. పొడి అటు పోయినా దుకాణంలోకే పోతుంది కదా. పాక్కుంటూ పోయి ఆ సందుకు నోరు ఆనించాడు. గాలి తగిలింది. పీల్చాడు.

కళ్లు కొంచెం తేటపడ్డాయి. మొహం ముందు, తలుపు అడుగు చెక్కకు రంగు లేదు. గుండ్రంగా, అరచేయంత మేర రంగంతా లేచిపోయి, చెక్క తలనూనె జిడ్డుతో నున్నగా నల్లబడి ఉంది. ఏమిటా అని నుదురు ఆనించి చూశాడు. సరిగ్గా నుదురు ఆనే చోటే. కింద సిమెంటు కూడా చెంప ఆనేంత మేర అద్దంలా అరిగి ఉంది.

ఆ సందులోంచి దుకాణం కనిపిస్తోంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో తన పీట. పీట పక్కన బీడీ ముక్కలు వేసే కొబ్బరి చిప్ప. తను పీల్చిన గాలి ఆ బీడీ కంపే కొడుతోంది.

ఆమె ఇక్కడ పడుకుని నోరు తెరిచి ఊపిరి కోసం చూసిన ప్రతి వారం, తను అటువైపు ఆ పీట మీదే కూర్చుని బీడీ తాగుతున్నాడు.

తలుపు తీసుకుని బయటపడ్డాడు. అనసూయమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అతని మొహం చూసి నవ్వింది.

"అప్పుడే వచ్చినవా? అసలు పొగ ఇంకా లేవలె."

నవ్వు దగ్గులోకి తిరిగింది. తేరుకుని, కొంగుతో నోరు తుడుచుకుని ముందుకొచ్చింది.

"జరుగు. కలపకుంటె ముద్దయితది. మళ్ల బంగారం చిక్కదు."

అతని రొమ్ము మీద చెయ్యి పెట్టి తోసింది. గాజులు గలగలమంటూ మోచేతికి జారాయి. ఆ తోపులో బలమే లేదు. అది కూడా అతనికి ఇప్పుడే తెలిసింది.

"జరుగయ్యా, మసి ముద్దయితున్నది లోపట!"

ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. మాట రావడానికి గాలి చాలలేదు. వెనక్కి చెయ్యి పెట్టి తలుపు లాగి మూశాడు. కాళ్ల సందుల్లోంచి పొగ పాకి వస్తోంది. ద్వారబంధం రెండు పక్కలా చేతులతో పట్టుకుని, అడ్డంగా నిలబడ్డాడు.

జరగలేదు.