చచ్చిన మేక లేచిన ఆదివారం

కొత్తగూడ బండల మీద పులి-మేక ఆట మొదలైన నాటి నుంచి ఎల్లేశం మేకను తిన్న పులి ఇంకా పుట్టలేదు. కాదన్నవాళ్ళు కొత్తగూడ వాళ్ళు కారని లెక్క. నానక్‌రామ్‌గూడ నుంచి, బాచుపల్లి నుంచి పేరుమోసిన ఆటగాళ్ళు పులులై వచ్చారు, మీసాలు దించుకుని పిల్లులై వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఫ్లైఓవర్ మీద కార్లు ఆగిపోయి హారన్లు కొట్టుకునే చోట, డెబ్బై నాలుగు, డెబ్బై అయిదు ప్రాంతాల్లో, ఏనుగులు పడుకున్నట్టు బండలుండేవి. చదునుగా ఉన్న ఒక బండ మీద ఎవరో ఏ కాలంలోనో ఉలితో పులి-మేక గీతలు చెక్కి పోయారు. మూడు పెంకు ముక్కలు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ కలిసి పులుల్ని కదలనివ్వకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. ఊరూరా ఆడే ఆటే. కానీ కొత్తగూడ వాళ్ళు చింతగింజలు నాలుగు జరిపి లేచిపోయే రకం కాదు. ఆదివారం పొద్దున బండ ఎక్కినవాడు మనిషిగా ఉండడు, మేక అయిపోతాడు. గింజకో మనిషి. ఆ మేకకు పేరుండాలి, గుణముండాలి, వెనక ఒక కథ ఉండాలి, ఆ కథ వారం వారం పెరగాలి. పిరికి మేక అయినవాణ్ణి ముందుకు జరగమంటే వెంటనే జరగకూడదు, మంద పెద్ద చేత బతిమాలించుకోవాలి. మంద పెద్ద రాజయ్య. ఒక్కో గింజను జరపడానికి అతను పడే తిప్పలు చూస్తే సర్పంచి ఎన్నిక తేలికనిపించేది.

వారమంతా సైకిలు మీద పట్నానికి పాలు మోసే ఎల్లేశం ఆదివారం నాడు ఒంటికొమ్ము మేకపోతు. రెండో కొమ్ము ఏమైందంటే గోల్కొండ ఫిరంగి గుండు తగిలి పోయిందట. "గుండు ఏమైంది మరి?" అని ఎవరైనా అడగాలి. "కొమ్ముకు కొట్టుకోని ఎనక్కి మర్లి, పేల్చినోని తలపాగలనే పడ్డది. ఆడు గుడ్డు అనుకోని పొదిగిండు" అని ఎల్లేశం చెప్పేవాడు. ఆ గుడ్డులోంచి ఏం వచ్చిందో చెప్పడానికి ఇంకో ఆదివారం పట్టేది.

చచ్చిన మేకకు వేరే నియమం. చచ్చినవాడు బండ అంచుకు వెళ్ళి, ఆటకు వీపు పెట్టి కూర్చోవాలి. మాట్లాడకూడదు. చచ్చిన మేక నోరు తెరిస్తే ఆట పులులదే. పెద్దలు ఎందుకు పెట్టారో గానీ, ఎల్లేశాన్ని దృష్టిలో పెట్టుకునే పెట్టారని ఊళ్ళో అనుకునేవారు.

అన్నట్టు, మొదట్లో ఒక మాట రాశాను, ఎల్లేశం మేకను తిన్న పులి పుట్టలేదని. దాన్ని ఇక్కడ సంతోషంగా వెనక్కి తీసుకుంటున్నాను. అందరికంటే ముందు చచ్చేది అతని మేకే. ఒంటికొమ్ము వీరుడు మంద వెనక దాక్కుంటే కథేం బాగుంటుంది, అందుకని ఎదురెళ్ళి పులి నోట్లో పడేవాడు. అతను చచ్చాకే మిగతావాళ్ళకు ఆట మీద ధ్యాస కుదిరేది.

ఆ ఆదివారం పులుల పక్షాన కూర్చున్నది సుబ్రహ్మణ్యం పంతులు. గోదావరి వైపు నుంచి బడికి బదిలీ మీద వచ్చిన మనిషి, కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి. ఊళ్ళో చుట్టరికాలు లేనివాడు మందలో ఎలా కలుస్తాడని అతన్ని పులిని చేశారు. తీరా చూస్తే ఆ ఎండాకాలమంతా కొత్తగూడ మేకలు ఒక్కసారి కూడా బతికి బయటపడలేదు.

"ఇగ చూడు పంతులు సారు, మా ఒంటికొమ్ము వస్తుండు. పారిపోతవా, గుద్దిపిచ్చుకుంటవా?" అన్నాడు ఎల్లేశం.

"తప్పుకోండి ఎల్లేశంగారు. మీ వెనకాల ఎవరూ లేరు. తినెయ్యాల్సొస్తుందండి."

"పప్పుచారు తాగే పులివి, నన్నేం తింటవు?"

"ఆటలో తింటానండి. ఏమీ అనుకోకండి" అని పంతులు గొంతు సవరించుకుని, ఎవరికీ ఇబ్బంది కలగకుండా చిన్నగా గాండ్రించి, గింజ తీసి పక్కన పెట్టాడు.

"పాయె" అన్నాడు రాజయ్య హాయిగా. "పో ఎల్లన్నా, పోయి సచ్చిన కాడ కూసో. జర మమ్మల్ని ఆడుకోనియ్యి."

ఎల్లేశం వెళ్ళి అంచున కూర్చున్నాడు. ఎదురుగా వాలు, వాలు కింద కంకర కోసం బండలు పగలగొట్టే గుంత, గుంతను ఆనుకుని ఊళ్ళోంచి వచ్చే కాలిబాట. ఆదివారం అక్కడ పని ఉండదు. చూడ్డానికేమీ లేక అతను చెవులు వెనక్కి పెట్టాడు. ఆ రోజు వెనక నుంచి వినపడే మాటలు అతన్ని ఆశ్చర్యపరిచాయి. అతని తర్వాత ఇంకో మేక చావలేదు. ఒక పులిని కట్టేశారు. కాసేపటికి రెండోదాన్ని కూడా కట్టేశారు. పంతులు "అరే" అనడం ఆ బండ మీద ఎవరూ మునుపు వినలేదు. మూడో పులికి ఒక్క దారే మిగిలిందని రాజయ్య గుసగుసలాడుతున్నాడు. ఎల్లేశానికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ ఎండాకాలంలో ఊరు మొదటిసారి గెలవబోతోంది, తను లేకుండా.

అప్పుడు గుంత గట్టు మీద ఎర్రగుడ్డ కనపడింది.

గుంతలో పనిచేసే మొగిలి ఒక చేత్తో ఎర్రగుడ్డ ఊపుతున్నాడు, ఇంకో చేత్తో ఖాళీ డబ్బా కొడుతున్నాడు. అంటే గుంతలో రాతికి పేలుడు మందు కూరారు, వత్తి అంటించబోతున్నారు. ఆదివారం ఏంది, మందేంది అనుకున్నాడు ఎల్లేశం. గాలి అటు తోలుతోంది, డబ్బా చప్పుడు పైకి రావడంలేదు. మొగిలి అటు తిరిగి, ఇటు తిరిగి, బాట వంక సరిగా చూడకుండానే గుడ్డను చంకలో పెట్టుకుని పరిగెత్తాడు.

బాట మలుపులోంచి నీలమ్మ వచ్చింది. ఎల్లేశం భార్య. నెత్తిన సద్దిగంప. ఎండకు కొంగు ముఖం మీదికి లాక్కుని, నేల చూస్తూ, తిన్నగా గుంత పక్కకే నడుస్తోంది.

ఎల్లేశం నోరు తెరిచాడు. 'నీలా' అనబోయాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టుంది. కొండాపూర్‌లో పొద్దున దగ్గితే కొత్తగూడలో పశువులు లేచి నిలబడే నోరు అది. పట్నంలో మూడంతస్తుల మేడ కింద నిలబడి "పాలు" అంటే పైనున్నవాళ్ళు గిన్నెలు తీసుకుని దిగే నోరు. బతుకులో ఒక్కనాడూ అతన్ని దగా చేయని నోరు. అది ఇప్పుడు చేప నోరులా తెరుచుకుని మూసుకుంటోంది. తన నోరు తనది కాకుండా పోవడం చూసి ఎల్లేశానికి గుంతలోని మందు కంటే ముందు తన గుండె పేలుతుందేమో అనిపించింది.

లేచి వాలులోకి దూకాడు.

"ఏయ్, శవం లేసింది" అన్నారు వెనక ఎవరో.

"ఎక్కడికన్న పోనియ్యి" అని రాజయ్య కేక వేశాడు. "ఎల్లన్నా, నీ కాళ్ళు మొక్కుత, నోరు మాత్రం తెరువకు. ఇంకొక్క ఎత్తే ఉన్నది."

ఎల్లేశం సగం పరిగెత్తాడు, సగం దొర్లాడు. చెప్పులు ఒక దిక్కు, తలపాగ ఒక దిక్కు. నీలమ్మ తలెత్తి చూసేసరికి మోకాళ్ళు కొట్టుకుపోయిన మొగుడు నోరు తెరుచుకుని మీదికి వస్తున్నాడు. ఆమెకు భయం వేసింది. ఎల్లేశం ఒక్క మాట లేకుండా ఆమె జబ్బ పట్టి, గంప పడిపోతున్నా వినకుండా, పక్కనున్న పెద్ద బండరాయి చాటుకు లాగి, మీద పడ్డాడు.

భూమి ఎగిరి కింద పడ్డట్టయింది. ఆకాశమంతా దుమ్ము. ఆమె నడుస్తూ వచ్చిన బాట మీద పుచ్చకాయలంత రాళ్ళు దబదబా పడ్డాయి. ఒక్క రాయి మాత్రం అన్నిటికంటే పైకి లేచి, వాలు దాటి, బండ మీదికి వెళ్ళి, మూడో పులికి మిగిలిన ఆ ఒక్క దారి మీద కూర్చుంది. పులి కట్టుబడిపోయింది. పంతులు పెంకు ముక్క పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

దుమ్ము అణగకముందే అందరూ కిందికి వచ్చారు. మొగిలి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "డబ్బా కొట్టిన అన్నా, ఇనపడలేదా" అని అదే మాట పదే పదే అంటున్నాడు. మిగతావాళ్ళు బాట మీద పడ్డ రాళ్ళను చూస్తున్నారు.

"అమ్మా, దెబ్బలేమైనా తగిలాయాండి?" అన్నాడు పంతులు.

నీలమ్మ అతని వంక చూడలేదు. మట్టిలో పడ్డ జొన్నరొట్టెల వంక చూసింది, తర్వాత మొగుడి వంక.

"ఎంత సేపటి సంది చూస్తున్నవు నన్ను?"

ఎల్లేశం తలెత్తి బండ అంచు వైపు చూశాడు.

"బండ మీదికెల్లి ఒక్క కేక ఏస్తే మలుపు కాడనే ఆగుదును గద. అంత నోరు పెట్టుకోని, ఎందుకు పిలువకపోతివి?"

రాజయ్య సాయం చేయబోయాడు. "సచ్చినోడు మాట్లాడితే ఆట పోతది వదినా."

అన్నాక అతనికే అర్థమైంది ఏమన్నాడో. కానీ మాట బయటికి వచ్చేసింది.

నీలమ్మ ముఖంలో రంగు పోయింది. మందు పేలినప్పుడు కూడా ఆమె ముఖం అట్లా కాలేదు. "ఆట పోతదని పిలువలేదా?" అంది మెల్లగా.

అందరూ ఎల్లేశం వైపు తిరిగారు. అతను కొయ్యబారిపోయాడు. అట్లా అనుకోవచ్చని అతనికి తట్టనే లేదు. ఒక్కొక్కరి కళ్ళూ చూశాడు. పంతులు కళ్ళలో సహా అదే అనుమానం. వాళ్ళను అనడానికేముంది. ఫిరంగి గుండును పొదిగించిన మనిషి గొంతు పట్టేసిందంటే ఎవరు నమ్ముతారు. నిజం కంటే బాగా నమ్మించే కథలు నాలుగైదు అతని నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి కూడా. గద్ద వచ్చి మాట ఎత్తుకుపోయిందని చెప్పొచ్చు. గాలి కేకను గచ్చిబౌలి దాకా మోసుకుపోయిందని చెప్పొచ్చు. చెబితే అందరూ నవ్వుతారు. నీలమ్మ కూడా నవ్వుతుంది. నవ్వి, చచ్చేదాకా ఈ దినం మరిచిపోదు.

"గొంతు రాలేదే" అన్నాడు.

నీలమ్మ ఆగింది. అందరూ ఆగారు. ఎల్లేశం మొదటి మాట తర్వాత నెత్తిన బరువుంటే దించుకుని నిలబడటం ఊరందరికీ అలవాటు. రెండో మాట రాలేదు.

"అంతేనా?" అన్నాడు రాజయ్య నమ్మలేక.

"అంతే."

అతని దవడ కింద నరం ఇంకా కొట్టుకుంటోంది. నీలమ్మ చాలాసేపు చూసింది. పెళ్ళయిన నాటి నుంచి ఈ మనిషి ఏ మాటనూ ఇంత పొట్టిగా చెప్పగా ఆమె వినలేదు. ఉప్పు ఎందుకు తేలేదంటే సముద్రం దగ్గర మొదలుపెట్టే మనిషి. ఆమె కూర్చుని, కొంగుతో అతని మోకాళ్ళ మీది నెత్తురు తుడిచింది.

"నిజమే" అంది, ఎవరితోనో చెప్పినట్టు. "ఈయనకు నిజంగనే గొంతు పోయింది."

కాసేపటికి లేచి గంప ఎత్తుకుంది. "నడువు ఇంటికి. గిట్లనే నోరు మూసుకోని నడువు. జర బాగనే ఉన్నది."

వాళ్ళిద్దరూ బాట వెంట పోతుంటే, ఆట ఎవరిదని ఎవరూ అడగలేదు.

మూడో పులి దారి మూసిన ఆ రాయి ఒక్కటే ఇందులో నా కల్పన. పేలుడు రాళ్ళు బండ దాకా రానే లేదు. ఆ దారి తెరిచే ఉంది, ఎత్తు పంతులుదే, అతను ఆడలేదు. ఊరు గెలిస్తే బాగుంటుందనిపించి రాయిని నేనే మోసుకెళ్ళి అక్కడ పెట్టాను.