రెండు అరచేతుల లెక్క

బోర్డు మీద చిట్టి రాస్తే ముత్యాలు పేర్చినట్టుంటుందని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. పంతులమ్మగా చేసి రిటైరైన పెద్దమ్మ, "అరచెయ్యి బోర్డుకి ఆనించి రాయవే, అక్షరం వంకర పోదు" అంటూ చిన్నప్పుడే చెయ్యి పట్టుకుని దిద్దించింది. అలాంటి చిట్టి, ఉపాధ్యాయ శిక్షణ చివరి ఏడాదిలో, పర్యవేక్షకుడు వెనక బెంచీలో కూర్చుని చూస్తుండగా, గోడంత స్మార్ట్ బోర్డు ముందు నిలబడి వేలితో ఒక సమీకరణం రాసింది. రాసింది రాసినట్టే మాయమైంది.

మళ్ళీ రాసింది. మళ్ళీ పోయింది. మూడోసారి సగం మిగిలింది గానీ, అది ఎవరికీ పనికిరాని సగం. ఏడో తరగతి పిల్లలకి ఇంతకన్నా వినోదం ఏం కావాలి? "మాయం టీచర్!" అని ఎవరో అన్నారు. ఇక గదంతా అదే పేరు.

"బోర్డు పాడైనట్టుంది సార్" అంది చిట్టి.

పర్యవేక్షకుడు లేచొచ్చి, బోర్డు మీద వేలితో తన సంతకం గీశాడు. అది చెక్కుచెదరలేదు.

"ఆడలేక మద్దెల ఓడంటే ఎలాగమ్మా? వచ్చే వారం ఇంకొక్క పాఠం చూస్తాను. అదీ ఇలాగే ఉంటే ఈ ఏడాదికి మీకు పట్టా లేనట్టే."

ఆ మాట పక్కకి పిలిచి చెప్పచ్చు. ఆయన పిల్లలందరి ముందూ చెప్పాడు. చిట్టికి తల తీసేసినట్టయింది.

తోటి శిక్షణార్థి ఒకామె ఉపాయం చెప్పింది. "అసలు రాయడం ఎందుకే? అన్నీ స్లైడ్లు చేసుకో. బటన్ నొక్కుతూ పో." చిట్టి రెండ్రోజులు కూర్చుని స్లైడ్లు చేసింది. అంకెలు గిరగిరా తిరుగుతూ వచ్చాయి, రంగులు మారాయి, చప్పట్లు కూడా మోగాయి. ఇంట్లో పెద్దమ్మకి చూపించింది. పెద్దమ్మ ఓపిగ్గా అంతా చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "బావుందే. పాఠం ఎప్పుడు మొదలవుతుంది?" అంది.

కోపం వచ్చింది కానీ, ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. చిట్టి స్లైడ్లన్నీ తీసేసింది.

మర్నాడు బడి వదిలాక ఖాళీ తరగతిలో బోర్డుతో అమీతుమీ తేల్చుకోవడానికి నిలబడింది. ఒక్కో అంకే మెల్లగా రాస్తూ, ఏది ఎప్పుడు పోతోందో చూసింది. వేలు ముందుకి జరిగేకొద్దీ దాని కింద ఆనిన అరచెయ్యి రాత మీదుగా పాకి, అడ్డొచ్చిన గీతల్ని మింగేస్తోంది. అనుమానం వచ్చి అరచెయ్యి మొత్తం బోర్డుకి ఆనించి జరిపింది. శుభ్రంగా తుడుచుకుపోయింది! ఈ బోర్డుకి వేలంటే కలం, అరచెయ్యంటే డస్టరు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దొంగ తన చేతిలోనే ఉండగా ఇన్నాళ్ళూ బోర్డుని తిట్టిపోసింది. ఒంటరిగా నిలబడి పకపకా నవ్వింది.

"అంటే తప్పు నేను నేర్పినదాందా?" అని, రాత్రి భోజనాల దగ్గర సంగతి విన్న పెద్దమ్మ మూతి ముడిచింది. "చెయ్యెత్తి రాస్తే అది రాతవుతుందా? కోడి కెలికినట్టుంటుంది. తుడవడమే దానికంత ముచ్చటైతే, పోయి తుడిచే పాఠం చెప్పు!"

ఆవిడ వెటకారానికే అంది. చిట్టి మాత్రం అన్నం తినడం ఆపేసి ఆలోచనలో పడింది. సమీకరణం సాధించడమంటే ఏమిటి? రెండు వైపుల నుంచీ ఒకేలాంటివి తీసెయ్యడమే కదా!

పాఠం రోజు రానే వచ్చింది. పర్యవేక్షకుడు వెనక బెంచీలో కలం తీశాడు. "మాయం టీచర్ వచ్చింది" అని గుసగుసలు. చిట్టి చెయ్యెత్తి, కాస్త వంకరగానే, బోర్డు మధ్యలో సమానం గుర్తు రాసింది. దానికి ఎడమవైపు మూడు సంచులు, రెండు బంతులు. కుడివైపు ఒక సంచి, ఎనిమిది బంతులు.

"ప్రతి సంచిలోనూ ఒకే లెక్కన బంతులున్నాయి. ఎన్నో కనుక్కుందాం. రెండు చేతులతో రెండు వైపులా తుడుస్తాను, చూడండి" అంది.

తీరా చూస్తే కంగారులో ఎడమచెయ్యి ఒక్కటే ఆనింది. ఎడమవైపు రెండు బంతులూ పోయాయి. కుడివైపు ఎనిమిదీ అలాగే ఉన్నాయి. వెనక బెంచీలో కలం కదిలింది.

"అన్యాయం టీచర్!" అని తరగతి తరగతంతా అరిచింది. "అటు కూడా రెండు తియ్యండి!"

పది నిమిషాలు చెప్పి ఒప్పించాలనుకున్న మాట వాళ్ళ నోటే వచ్చేసింది. చిట్టికి ఎక్కడలేని ధైర్యమూ వచ్చింది. "ఎందుకు తియ్యాలి?" అని ఎదురడిగింది.

ఏడాదంతా నోరు విప్పని రెండు జడల పిల్ల లేచింది. "ఒకవైపే తీస్తే మధ్యలో ఆ గుర్తు అబద్ధం చెప్పినట్టే కదా టీచర్!"

"అయితే నువ్వే వచ్చి నిజం చెప్పించు."

ఆ పిల్ల వచ్చి కుడివైపు రెండు బంతులు తుడిచింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే, రెండు చేతులూ చాచి, అటో సంచి ఇటో సంచి ఒకేసారి తుడిచేసింది. రెండు సంచులు, ఆరు బంతులు మిగిలాయి. "మూడు!" అని గది దద్దరిల్లింది. పక్క తరగతి మాస్టారు ఏమైందోనని తొంగిచూసి వెళ్ళాడు.

గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. నేనంటే నేనని బోర్డు దగ్గర బారులు తీరారు. చిట్టి ఒక్కొక్కరికీ కొత్త సమీకరణం వేసిస్తోంది. పర్యవేక్షకుడు చేతిలో మార్కుల కాగితంతో ముందుకు వచ్చాడు.

"సార్, మేం ముందొచ్చాం. వెనక నిలబడండి" అంది రెండు జడల పిల్ల.

ఆయన తెల్లబోయాడు. తర్వాత బుద్ధిగా వెళ్ళి చివర్న నిలబడ్డాడు. వంతు వచ్చేదాకా కాగితం వెనక్కి పెట్టుకుని, పిల్లల్ని చూస్తూ కదిలాడు. వంతు వచ్చాక కాగితం చిట్టి చేతిలో పెట్టి, పిల్లలందరి ముందే, అందరికీ వినబడేలా, "నెగ్గారు టీచర్ గారూ" అన్నాడు. చిట్టి కళ్ళు చెమర్చాయి. ఆ మాట అక్కడే, వాళ్ళ ముందే వినాలని వారం నుంచి ఎంత ఆశపడిందో ఆమెకే తెలుసు.

ఆయన వెళ్ళలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, "మరి నాది?" అన్నాడు.

చిట్టి కళ్ళు తుడుచుకుని, అందరికన్నా కష్టమైనది వేసిచ్చింది.