పైడయ్య రెంచికి తరుగు

నేను ఒక పైపు రెంచిని అంటే మీలో ఎవరూ లేచి కుర్చీ వెయ్యరు. ఫరవాలేదు. మీ ఇంట్లో కుళాయి ఆగకుండా కారుతున్నప్పుడు మాత్రం నేనెక్కడున్నానా అని వీధి చివరిదాకా వెతుకుతారు.

పుట్టింది ఎక్కడో కొలిమిలో. ఆ మంట సరిగ్గా గుర్తులేదు, ఎర్రటి కల ఒకటి వచ్చి పోయినట్టుంది. తరవాత చాలాకాలం విజయనగరంలో ఒక ఇనుప సామాన్ల కొట్లో మేకుకి వేలాడాను. ఓ దసరా ముందు పైడయ్య వచ్చాడు. అప్పుడే సొంతంగా పని మొదలుపెట్టిన ప్లంబరు. నన్ను చేత్తో తూచి చూసి, పిడి బిగించి పట్టుకుని, బేరమాడడం కూడా మరిచిపోయాడు. ఇంటికి తీసుకెళ్తే అతని భార్య నూకరత్నం నాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఇనుముకి బొట్టేమిటని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు లెండి. మరుసటి ఏడాదికల్లా ఆయుధపూజ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడడం నేర్చాను. పూజ చేసిన పనిముట్టుకి ఆ రోజు ఎవరూ పని చెప్పకూడదు. మాకు ఏడాదికి అదొక్కటే సెలవు.

మిగతా రోజులన్నీ నీళ్ళతోనే. గోడల లోపల నీళ్ళు నడిచే చప్పుడు మీరు ఎప్పుడైనా విన్నారో లేదో, నేను దాని మధ్యే బతికాను. పైడయ్య నన్ను పైపుకి బిగించి తిప్పుతుంటే లోపల చల్లగా ఏదో పలికేది. అతని అరచెయ్యి నా పిడిని పట్టుకుంటే, నా పళ్ళు పైపుని పట్టుకునేవి. అలా పట్టుకుని పట్టుకుని ఇద్దరమూ అరిగాము. నా పళ్ళు నున్నబడ్డాయి, అతని మణికట్టు సలపడం మొదలుపెట్టింది.

ఒకనాడు మేడ మీద ట్యాంకు దగ్గర నా పట్టు జారింది. పైడయ్య చెయ్యి వెళ్ళి గోడకి కొట్టుకుంది. డాక్టరు కట్టు కట్టి, ఇంకోసారి ఇలాంటి దెబ్బ తగిలితే ఆ చేత్తో అన్నం కలుపుకోవడం కూడా కష్టమేనన్నాడు. రెంచి మార్చమని నూకరత్నం మొత్తుకుంది. వింటేగా! నా వాటం అతని చేతికి అలవాటైపోయిందట.

సరిగ్గా అప్పుడే పన్ను వచ్చిపడింది. ఆ ఏడాది ఒక అపార్ట్‌మెంటు పైపుల పని మొత్తం పైడయ్యే చేశాడు. బిల్డరు సామాన్ల డబ్బు కూడా అతని ఖాతాలోనే వేశాడు, వేస్తూ పన్ను కింద కొంత పట్టుకున్నాడు. కాగితం మీద మావాడు షావుకారైపోయాడు. అయిన ఖర్చులు సరిగ్గా చూపిస్తే పట్టుకున్న డబ్బు వెనక్కొస్తుంది, లేకపోతే ఇంకా ఎదురు కట్టాలి. వెనక్కొస్తే మణికట్టుకి వైద్యం, కొత్త రెంచి రెండూ అవుతాయని నూకరత్నం ఆశ. మొగుణ్ణి వెంటబెట్టుకుని గంటస్తంభం దగ్గరున్న ఆడిటరు హైమావతి గారి దగ్గరికి వెళ్ళింది. సంచిలో నేనూ వెళ్ళాను.

ఏమేం ఖర్చులయ్యాయని ఆవిడ అడిగారు. పైపులు, జిగురు, కూలీ, పెట్రోలు అని చెప్పుకుంటూపోయి, పైడయ్య చివర్లో టీలూ పునుగులూ కూడా కలిపాడు. పునుగులు ప్రభుత్వం ఒప్పుకోదని ఆవిడ నవ్వారు. తరవాత పనిముట్ల సంగతికి వచ్చారు. మోపెడ్, డ్రిల్లు, పైపులకి మరలు చెక్కే మిషను, రెంచి అన్నీ వాడినకొద్దీ విలువ తగ్గుతాయి, ఆ తరుగుని కూడా ఖర్చుగా చూపించవచ్చన్నారు.

పైడయ్య ముఖం మాడిపోయింది. ఒక్కటీ తరగలేదు, అన్నీ బంగారంలా ఉన్నాయన్నాడు. నూకరత్నం అతని చేతికట్టు వైపు చూసింది.

"మాయింట్లో బియ్యం అయిపోయినా నిండుకున్నాయనే అంతాం తల్లీ. కూడెట్టే పనిముట్టు అరిగిపోనాదని నోటితో ఎలాగంతాను? పైన తథాస్తు దేవతలుంతారు" అన్నాడు.

మనుషులు చిత్రమైనవాళ్ళు. తమ కీళ్ళు అరిగాయని ఊరంతా చెప్పుకుంటారు, ఇనుము అరిగిందనడానికి మాత్రం నోరు రాదు. అరిగాను నాయనా, రాయించు, ఆ చెయ్యి దక్కించుకో అని సంచిలోంచి అరవాలనిపించింది. నాకు నోరెక్కడిది?

హైమావతి గారు నన్ను బయటికి తీయించి, నా పళ్ళ మీద బొటనవేలు పెట్టి చూశారు.

"తరుగంటే చావు కాదు పైడయ్య గారూ. ఏటా ఉన్నదాంట్లోంచి నూటికి పదిహేను తీస్తారు. వచ్చే ఏడు మళ్ళీ మిగిలినదాంట్లోంచే తీస్తారు. ఎన్నేళ్ళు తీసినా కొంచెం మిగులుతూనే ఉంటుంది."

పైడయ్య నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"అంటే సున్నా అవదేటమ్మా?"

"అవదు."

"అలాగైతే రాసీండి."

ఆవిడ రాస్తూ ఉంటే అతను తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఈ సెయ్యి కూడా పనిముట్టే గదమ్మా. మరి దీనికి రాయరేటి?"

ఆవిడ కలం ఆగింది. చట్టంలో దానికి చోటు లేదని మెల్లగా చెప్పారు. పైడయ్య నవ్వేసి ఊరుకున్నాడు. నూకరత్నం నవ్వలేదు.

దసరాలోపే డబ్బు వెనక్కొచ్చింది. చేతికి వైద్యం జరిగింది, కొత్త రెంచి వచ్చింది. ఎర్రరంగు వేసుకుని మహా మిడిసిపడుతుంది లెండి. నేను వంటింటి గోడ మేకుకి చేరాను. ఎక్కడో లెక్కల్లో ఏటా కొంచెం కొంచెం తరుగుతూ, ఎప్పటికీ పూర్తిగా పోకుండా ఉన్నానట. మధ్యాహ్నాలు గోడ లోపల నీళ్ళు నడుస్తుంటే అది తలుచుకుంటూ మగతలోకి జారుకుంటాను.

ఆ ఏడాది ఆయుధపూజకి మమ్మల్నందరినీ పీట మీద వరసగా పెట్టారు. నూకరత్నం డ్రిల్లుకి, కొత్త రెంచికి, నాకు పసుపు రాసి బొట్లు పెట్టింది. తరవాత పైడయ్య కుడిచెయ్యి లాక్కుని, నా పక్కనే పీట మీద ఆనించి, మణికట్టుకి పసుపు రాసి కుంకం పెట్టింది. ఇదేం పనని అతను కంగారుపడ్డా ఆమె చెయ్యి వదల్లేదు.

భోజనాల దగ్గర అతను పులిహోరలో చెయ్యి పెట్టబోతే ఆపేసింది.

"పూజ సేసిన పనిముట్టు. ఇయ్యాల దానికి పని సెప్పకూడదు."

తనే కలిపి ముద్ద నోటికి అందించింది. పైడయ్య కళ్ళు నిండిపోయాయి. ఇన్నేళ్ళలో ఎన్ని నీళ్ళు కారుతుంటే ఆపానో నాకే తెలీదు. ఈ నీళ్ళని మాత్రం ఆపాలనిపించలేదు.